ఎలక్ట్రానిక్ తంబూరాకు శ్రుతి కలపడం: నా అనుభవం

కొత్త ఎలక్ట్రానిక్ తంబూరా ఇంటికి రాగానే నాబ్‌ను ఐదు దగ్గరికి తిప్పి, స్విచ్ వేసి పాడటం మొదలుపెట్టేస్తారు చాలామంది. అంకె సరిపోయింది కాబట్టి శ్రుతి కుదిరిందనుకుంటారు. షడ్జమం (స) దాదాపుగా ఎక్కడ ఉందో చెప్పడం వరకే ఆ అంకె పని. చెక్క తంబూరాకు బిరడలు తిప్పి, పూసలు జరిపి శ్రుతి చేసుకున్నట్టే ఈ పెట్టెకూ చెవితో శ్రుతి కలపాలి. అదీ రోజూ. సంగీతం నేర్చుకునే పిల్లలకు ఈ పెట్టెలు అమర్చి ఇచ్చేటప్పుడు నేను ఏ వరుసలో చేస్తానో, ఎక్కడెక్కడ తేడా వస్తుందో రాస్తున్నాను.

1979లో బెంగళూరుకు చెందిన ఇంజనీరు, వేణు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబూరాను తయారుచేశారు. ఆ తొలి తరం పెట్టెల్లో ధ్వని అనలాగ్ సర్క్యూట్ నుంచి పుట్టేది. అలాంటి పాత పెట్టె ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది, పనిచేస్తూనే ఉంది. కానీ స్విచ్ వేశాక లోపలి భాగాలు వేడెక్కేదాకా శ్రుతి మెల్లగా జరుగుతుంది. అందుకే పాత పెట్టె అయితే సాధనకు పావుగంట ముందే ఆన్ చేసి వదిలేసి, ఆ తర్వాతే శ్రుతి కలుపుతాను. ఇప్పటి డిజిటల్ పెట్టెల్లో కంపనాలను స్థిరంగా ఉంచే క్రిస్టల్ ఉంటుంది కాబట్టి శ్రుతి జరగడం ఉండదు. వాటిలో చాలావరకు అసలు తంబూరా మీటును రికార్డు చేసి పెట్టినవే.

ముందు తేల్చుకోవాల్సింది విద్యార్థి శ్రుతి. మన లెక్క హార్మోనియం మెట్లది. తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు, నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర, ఏడున్నర ఉండవు. ఒకటంటే పాశ్చాత్య సంగీతంలో సి (C), ఐదంటే జి (G). పెట్టెను ఐదు దగ్గర ఉంచి, పిల్ల చేత స, ప, పై స పాడించి, మెల్లగా కింది పంచమం దాకా దింపిస్తాను. కింది ప వట్టి గాలిలా కాకుండా స్వరంగా పలకాలి. పైన గాంధారం (గ) మెడ నరాలు బిగియకుండా అందాలి. రెండూ కుదిరిన చోటు ఆ పిల్ల శ్రుతి. పదేళ్లలోపు పిల్లలకు ఆడా మగా తేడా లేకుండా ఎక్కువగా ఐదుకూ ఆరుకూ మధ్య కుదురుతుంది. పెద్దయ్యాక మగగొంతు ఒకటి, రెండు చుట్టూ నిలుస్తుంది, ఆడగొంతు నాలుగున్నర నుంచి ఆరు దాకా ఉంటుంది. ఒక్కరోజు చూసి నిర్ణయించను. పొద్దున లేచిన గొంతు కిందికి ఉంటుంది, సాయంత్రానికి అర మెట్టు పైకి వస్తుంది. ఒకరోజు పొద్దున, ఇంకోరోజు సాయంత్రం చూసి మధ్యస్థంగా పెడతాను. మగపిల్లలకు గొంతు మారే వయసులో వారానికోసారి మెట్టు మార్చడం మంచిది కాదు. గొంతు పలికే చోట తక్కువసేపు పాడించి, అది నిలదొక్కుకున్నాకే కొత్త శ్రుతి పెట్టాలి.

తర్వాత స్థాయి. ఐదు అంకె ఒకటే అయినా ఆ జి ఎన్నో స్థాయిలో మోగుతోందన్నది వేరే సంగతి. ఐదు శ్రుతిలో పాడే ఆడపిల్ల మధ్య షడ్జమం సెకనుకు 196 కంపనాలు. తంబూరాలో సారణి, అనుసారణి (స పలికే రెండు మధ్య తీగలు) అక్కడే పలకాలి, మంద్రం (కింది స తీగ) 98 దగ్గర, పంచమం (ప తీగ) 147 దగ్గర. పెట్టె మీద స్థాయి మార్చే స్విచ్ ఉండి అది పొరపాటున కింద ఉంటే అన్నీ సగానికి సగం పడిపోతాయి. శ్రుతి కలిసినట్టే వినిపిస్తుంది, తప్పు దొరకదు. కానీ పిల్ల గొంతుకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు, పాడుతూ పాడుతూ కిందికి జారుతుంది. ఇంట్లో వాళ్లు గొంతులో లోపమనుకుంటారు. తీగలను విడివిడిగా మోగించే వీలున్న పెట్టెలో సారణి ఒక్కటే పెట్టి పిల్ల చేత ‘స’ అనిపిస్తే, రెండూ ఒకే చోట కలుస్తున్నాయా, పైనా కిందా ఉన్నాయా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

మగవాళ్లకు ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. ఒకటో శ్రుతిలో సారణి 131 దగ్గర, మంద్రం 65 దగ్గర ఉంటాయి. అరచేతిలో పట్టే చిన్న స్పీకర్ 65ను పలికించలేదు. మంద్రం మీటినప్పుడు దాని పై అనుస్వరాలే (అసలు స్వరంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల కంపనాలతో సన్నగా మోగేవే) మనకు చేరతాయి, గుండె దగ్గర తగిలే ఆ బరువు రాదు. ఒకటి, ఒకటిన్నర శ్రుతి వాళ్లు పెట్టె కొనేటప్పుడు స్పీకర్ పెద్దదా, బయటి స్పీకర్‌కు కలిపే సాకెట్ ఉందా అని చూసుకోవాలి. ఎన్ని రాగాలు, ఎన్ని తాళాలు ఉన్నాయన్నది ఆ తర్వాతి మాట.

ఇక షడ్జమం. ఫైన్ ట్యూనింగ్ నాబ్‌ను సరిగ్గా మధ్యలో పెట్టి మొదలుపెడతాను. గాత్రానికైతే చాలావరకు అక్కడే ఉంచెయ్యవచ్చు. వాద్యం ఉంటే ఎవరికి ఎవరు సర్దుకోవాలో తెలియాలి. వయొలిన్, వీణ, మృదంగం పెట్టెకు సర్దుకుంటాయి. వేణువు సర్దుకోలేదు, పెట్టే వేణువు దగ్గరికి రావాలి. పైగా ఊదుతూ ఉంటే ఊపిరి వేడికి వేణువు శ్రుతి కాస్త పైకి వెళ్తుంది. అందుకే ఐదు నిమిషాలు ఊదించాకే పెట్టె నాబ్ ముట్టుకుంటాను. ఒకే గదిలో రెండు పెట్టెలో, పెట్టెతో పాటు కీబోర్డో ఉంటే, రెండింటి మీదా ఐదు అనే ఉన్నా కలవకపోవచ్చు. ఒకటి A స్వరాన్ని (ఆరో మెట్టును) 440గా, ఇంకొకటి 442గా లెక్కగట్టి ఉంటే మధ్య షడ్జమాల మధ్య దాదాపు 0.9 కంపనాల తేడా వస్తుంది. సెకనుకు ఒకసారి చొప్పున ధ్వని లేచి పడుతూ ఉంటుంది. ఆ ఊగు వినగానే ఒక పెట్టెను కదలకుండా ఉంచి, రెండో దాని ఫైన్ నాబ్‌ను గోరంత గోరంత తిప్పాలి. ఊగు నెమ్మదిస్తే సరైన దారి, వేగం పెరిగితే వెనక్కి. పూర్తిగా ఆగి, రెండు ధ్వనులు ఒకటిగా నిలిచిపోయినప్పుడు వదిలెయ్యాలి.

అసలు పని పంచమం దగ్గర ఉంది. కొన్ని పెట్టెల్లో పంచమానికి వేరే నాబ్ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఉన్నది కొనమనే చెబుతాను. శుద్ధమైన పంచమం షడ్జమానికి ఒకటిన్నర రెట్లు. 196 షడ్జమానికి తంబూరా కింది పంచమం సరిగ్గా 147 ఉండాలి. కీబోర్డు కొలత (మెట్ల మధ్య దూరాలన్నీ సమానంగా ఉంచే పద్ధతి) ప్రకారం పెట్టిన పెట్టెలో అది 146.83 దగ్గర ఉంటుంది. తేడా చూడటానికి ఏమీ లేదు. కానీ సారణి మూడో అనుస్వరం 588, పంచమం నాలుగో అనుస్వరం 587.3. ఈ రెండూ పక్కపక్కనే మోగుతూ సుమారు సెకనున్నరకు ఒకసారి ఊగుతాయి. తంబూరా మోగుతుండగా కళ్లు మూసుకుని, కింది ధ్వనిని వదిలేసి, పైన సన్నగా వినిపించే పంచమం మీద చెవి నిలిపితే ఈ ఊగు దొరుకుతుంది. మొదట్లో పిల్లలకు అందదు. ఆ పై పంచమాన్ని నేను సన్నగా ముక్కుతో ‘మ్’ అని చూపిస్తాను, అప్పుడు పట్టుకుంటారు. పంచమం నాబ్‌ను ఒక వెంట్రుక పైకి తిప్పితే ఊగు సాగుతుంది, సాగి సాగి ఆగుతుంది. ఆ క్షణంలో పెట్టె ధ్వని ఉన్నట్టుండి పెద్దదైనట్టు ఉంటుంది, వాల్యూమ్ ముట్టుకోకపోయినా. శ్రుతి కలవడమంటే అదే. ఆ మార్పును విన్న పిల్ల మరుసటి రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే నాబ్ సరిచేసుకుంటుంది.

ఇదంతా కుదిరిందా లేదా అన్నదానికి గాంధారం సాక్ష్యం. మంచి తంబూరాలో మంద్రం మీటినప్పుడు అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. అది మంద్రం ఐదో అనుస్వరం, 98కి 490. రికార్డు చేసిన ధ్వని ఉన్న పెట్టెల్లో అది వస్తుంది, చవక పెట్టెల్లో మీటు మొద్దుగా ఉండి రాదు. దుకాణంలో పెట్టె ఎంచుకునేటప్పుడు ముందు దీన్నే వింటాను. మన మొదటి రాగం మాయామాళవగౌళలో ఉన్నది ఈ అంతర గాంధారమే. కీబోర్డు మీద స్వరాలు వాయించుకుంటూ నేర్చుకున్న పిల్ల గాంధారాన్ని 246.9 దగ్గర పట్టుకుంటుంది, దాని రెండో అనుస్వరం 493.9. తంబూరా 490 అంటుంటే సెకనుకు దాదాపు నాలుగుసార్లు గరగరలాడుతుంది. సరళీ స్వరాల్లో గ దగ్గర ఆగి, తంబూరాలో ఉన్న గ వినపడేదాకా నిలబెట్టమంటే, గొంతు తనే ఆ కాస్త కిందికి సర్దుకుంటుంది. అందుకే సాధనకు కీబోర్డు వద్దని గట్టిగా చెబుతాను.

మధ్యమ శ్రుతి మాట కూడా ఇక్కడే. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి వంటి రాగాలకు మధ్యమాన్ని షడ్జమంగా పెట్టుకుని పాడతాం. పెట్టెలో ప నుంచి మకు మార్చే స్విచ్ ఉంటుంది. రెండు శ్రుతి అయితే మధ్యమం ఐదు మెట్టులో పడుతుంది, పాడేవాళ్లకు అదే స. పాత షడ్జమం వాళ్లకు కింది పంచమం అవుతుంది. ఆ పాట అయ్యాక స్విచ్ వెనక్కి వేయడం మరిచిపోతారు. తర్వాతి పాట ఎత్తుకోగానే ఎక్కడో ఏదో తేలిపోతున్నట్టు ఉంటే ముందు ఆ స్విచ్ చూడండి.

మీటు వేగం. ప, స, స, కింది స నాలుగూ ఒక చుట్టు. ఒక మీటు పూర్తిగా అణగకముందే తర్వాతిది అందుకోవాలి, ఖాళీ కనపడకూడదు, హడావిడీ ఉండకూడదు. వేగాన్ని తాళంతో సరితూగేలా పెట్టడం పొరపాటు. తాళం నిమిషానికి 60 దెబ్బలుండి తంబూరా కూడా సెకనుకు ఒక మీటు పడితే, పిల్ల తంబూరాను తాళంగా లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. రెండిటికీ పొంతన లేకుండా ఉంచాలి.

పెట్టెను మంచం మీద పెడితే ధ్వనిని పరుపు పీల్చేస్తుంది. స్టీలు బల్ల మీద పెడితే బల్ల గలగలలాడుతుంది. చెక్క పీట మీద, మూడు నాలుగు అడుగుల దూరంలో, కూర్చున్న పిల్ల చెవి ఎత్తుకు దగ్గరగా, కాస్త పక్కగా ఉంచుతాను. మామూలుగా పాడుతున్నప్పుడు గొంతూ తంబూరా రెండూ తెలియాలి. వాల్యూమ్ మరీ తగ్గిస్తే గొంతు ఒక్కటే వినిపించి శ్రుతి జారినా తెలియదు. మరీ పెంచితే పిల్ల అరుస్తుంది.

శ్రుతి అంతా సరిగ్గానే ఉన్నా ఊగు పోని సందర్భం ఒకటుంది. దీని వల్ల చాలా గంటలు వృథా అవుతాయి కాబట్టి వివరంగా చెబుతున్నాను. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. అడాప్టర్‌లో దాన్ని డీసీగా మార్చినప్పుడు మిగిలే అల 100. లోపలి కెపాసిటర్ ఎండిపోతే ఆ 100 స్పీకర్‌లోకి సన్నటి గుర్రుమనే ధ్వనిగా చేరుతుంది. ఐదు శ్రుతి మంద్రం 98. రెండూ కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. వింటున్నవాళ్లు మంద్రం శ్రుతి తప్పిందని నాబ్‌లు తిప్పుతూ పోతారు, తిప్పేకొద్దీ ఉన్న శ్రుతీ పోతుంది. పరీక్ష సులువు. అడాప్టర్ పీకి బ్యాటరీల మీద నడపండి. ఊగు పోతే తప్పు అడాప్టర్‌ది. బ్యాటరీ వీలు లేని పెట్టె అయితే వాల్యూమ్ పూర్తిగా తగ్గించి స్పీకర్ దగ్గర చెవి పెట్టండి, తంబూరా ఆగినా గుర్రు ఆగకపోతే అదే కారణం. ఇంకో గుర్తు, శ్రుతిని ఐదున్నరకు మారిస్తే మంద్రం 103.8 అవుతుంది, ఊగు సెకనుకు నాలుగుకు దగ్గరగా వేగమవుతుంది. నిజంగా శ్రుతి తేడా అయితే అంకె మార్చినంత మాత్రాన ఊగు ఇలా రెట్టింపు కాదు.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు మూడు చూడాలి. వోల్టేజీ పెట్టె వెనక రాసిన దానితో సరిగ్గా సమానంగా ఉండాలి. ఆంపియర్లు పెట్టె అడిగినంతైనా ఉండాలి, ఎక్కువున్నా నష్టం లేదు. పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది పెట్టె మీది బొమ్మతో కలవాలి. మూడోది చూడకుండా గుచ్చితే పెట్టె కాలిపోవచ్చు. ఇక్కడ కొన్న పెట్టెను అమెరికాలో ఉన్న మనవరాలికి పంపే తాతయ్యలు, అమ్మమ్మలు ఎక్కువయ్యారు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే అక్కడ పిన్ను మార్చుకుంటే చాలు. 230 అని మాత్రమే ఉంటే అక్కడి 120 సరిపోదు, ధ్వని నీరసంగా, వణుకుతూ వస్తుంది. పెట్టె పాడైందనుకోకండి, వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

నాబ్ తిప్పినప్పుడు కరకరమంటే లోపల దుమ్ము చేరింది. పెట్టె ఆపేసి, ప్లగ్ తీసి, కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి నాబ్‌ను ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వెయ్యొద్దు, దుమ్మును ఇంకా పట్టేస్తాయి. సెలవులకు ఊరెళ్లేటప్పుడు బ్యాటరీలు తీసెయ్యాలి. కారితే స్ప్రింగులను తినేస్తాయి.

తాళం పెట్టె (తాళం దెబ్బలు కొట్టే ఎలక్ట్రానిక్ పెట్టె) గురించి కొంచెం. ఒక చుట్టుకు (ఆవర్తనానికి) ఆది 8 లెక్కలు, రూపకం 3, మిశ్రచాపు 7, ఖండచాపు 5, అట తాళ వర్ణానికి 14, ఇవి ఉంటే విద్యార్థికి సరిపోతుంది. వేగం ఒకటో కాలం చూసి పెట్టకూడదు, మూడో కాలం చూసి పెట్టాలి. నిమిషానికి 60 పెడితే ఒకటో కాలంలో సెకనుకు ఒక స్వరం, హాయిగా ఉంటుంది. మూడో కాలానికి సెకనుకు నాలుగు, అక్కడ ద ని కలిసిపోయి ముద్దవుతాయి. 45 పెడితే మూడో కాలం సెకనుకు మూడు. మొదలుపెట్టే పిల్లకు అది పడుతుంది. అన్ని స్వరాలూ విడివిడిగా వినిపించాక రెండు మూడు దెబ్బల చొప్పున పెంచాలి. రెండో కాలానికి వచ్చేసరికి పెట్టె వేగం పెంచేసే పిల్లలున్నారు. అప్పుడు కాలం మారదు, చెయ్యి వేగం మారుతుంది. వేగం అదే ఉండి స్వరాలు రెట్టింపు కావాలి.

పెట్టె కొడుతుంటే పిల్లలు చెయ్యి ఆపేస్తారు. తాళంలోని లఘువు, ద్రుతాలు చేత్తో వెయ్యాల్సిందే, పెట్టె సరిచూసుకోవడానికి. నేను చేయించేది ఇది: రెండు ఆవర్తనాలు పెట్టెతో, తర్వాతి రెండు ఆవర్తనాలు వాల్యూమ్ మూసేసి చేతి తాళంతోనే, మళ్లీ సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) దగ్గర వాల్యూమ్ తెరవడం. పెట్టె మీద వెలిగే చిన్న లైట్లను గుడ్డతో కప్పేస్తాను, లేకపోతే కళ్లతో లెక్కపెడతారు. మొదట్లో తెరిచేసరికి పిల్ల అర అక్షరం ముందుకు వెళ్లి ఉంటుంది. ఎక్కడ తొందరపడిందో ఆ పంక్తిలోనే దొరుకుతుంది, ఎక్కువగా అవరోహణలో.

ఫోన్ యాప్‌లు బాగానే ఉన్నాయి, కొన్నిట్లో ధ్వని చవక పెట్టెల కన్నా మేలు. కానీ ఫోన్ స్పీకర్‌లో మంద్రం అసలు రాదు కాబట్టి బయటి స్పీకర్ ఉండాలి. బ్లూటూత్ కన్నా తీగ మేలు. కొన్ని బ్లూటూత్ స్పీకర్లు ధ్వని సన్నబడగానే నిద్రపోతాయి, మీటు తోకను తెంపేస్తాయి. తాళం యాప్ అయితే బ్లూటూత్ ఆలస్యం వల్ల తెర మీద దీపం ఒకచోట, దెబ్బ ఇంకోచోట పడతాయి. సాధన మొదలుపెట్టే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

ఆన్‌లైన్ క్లాసుకు వేరే సర్దుబాటు కావాలి. వీడియో యాప్‌లు ఆగకుండా ఒకేలా మోగే ధ్వనిని ఫ్యాన్ చప్పుడుగా లెక్కగట్టి తొలగిస్తాయి. తంబూరా వాటికి ఫ్యాన్ లాంటిదే. గురువుకు వినిపించేది మధ్య మధ్య తెగిపోయే తంబూరా, దానితో పాటు తెగిపోయే గొంతు. జూమ్‌లో అయితే ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చెయ్యాలి, మిగతా వాటిలో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపెయ్యాలి. ధ్వని చేరడంలో ఆలస్యం ఉంటుంది కాబట్టి కలిసి పాడటం కుదరదు. పిల్ల పాడేటప్పుడు పిల్ల వైపు తంబూరా ఒక్కటే మోగాలి, గురువు వైపు మైకు మూసి ఉండాలి. గురువు పాడేటప్పుడు తిరగబడుతుంది. క్లాసు మొదట్లో పిల్ల వైపు పెట్టెలో సారణి ఒక్కటే పది సెకన్లు మోగించమంటాను. ఇటు నా పెట్టెలోనూ సారణి పెట్టి వింటాను. ఊగు ఉంటే ఎవరి నాబ్ ఎటు తిప్పాలో చెప్పి, ఆగాక పాఠం మొదలుపెడతాను.